వాన కురిసింది... పంట ఎండింది!

మొత్తం ఎన్ని మిల్లీమీటర్లు కురిసిందన్నది పాత లెక్క. ఒక వానకూ ఇంకో వానకూ మధ్య ఎన్ని రోజులు గడిచాయన్నది కొత్త లెక్క. వాతావరణం ఎందుకు మారుతోంది? అనంతపురం శనక్కాయ చేలల్లో అది ఎలా కనిపిస్తోంది? సర్కారు ఏం చేసింది? మన చేతిలో ఏముంది?

రైతు సోదరులారా! అనంతపురం, శ్రీసత్యసాయి జిల్లాల్లో ఏ పల్లెలో రచ్చబండ మీద కూచున్నా ఒకే మాట వినిపిస్తుంది. వాన పడలేదా అంటే పడింది అంటారు. మరి పంట ఏమైందంటే పోయింది అంటారు. ఈ రెండు మాటలూ నిజమే.

జిల్లా కేంద్రంలో కాగితాలు తిరగేసేవారికి వర్షపాతం సాధారణంగానే కనిపిస్తుంది. చేలో నిలబడిన మీకు ఊడ దిగని తీగ కనిపిస్తుంది. కాగితానికీ చేనుకూ మధ్య ఈ తేడా ఎందుకొచ్చిందో తెలిస్తేనే వచ్చే ముంగారుకు ఏం చేయాలో తెలుస్తుంది. బీమా కాగితం మీద ఏం అడగాలో, కరువు రాయడానికి వచ్చిన అధికారికి ఏం చూపించాలో కూడా అప్పుడే తెలుస్తుంది.

కరువు మనకు కొత్త కాదు

ముందు ఒక సంగతి ఒప్పుకుందాం. కరువు ఈ నేలకు చుట్టంలా వచ్చింది కాదు, ఇంటి మనిషిలా ఉన్నది. 1876-78 నాటి ధాత కరువు పేరు చెబితే ఈనాటికీ ముసలివాళ్లు తమ తాతలు చెప్పిన మాటలు తలుచుకుంటారు. అప్పటికి ఫ్యాక్టరీ పొగలు ఇంతగా లేవు, మోటారు బండ్లూ లేవు. కాబట్టి ప్రతి ఎండిన చేనునూ భూతాపానికి అంటగట్టడం సరికాదు.

మన జిల్లా ఉన్న చోటే అలాంటిది. నైరుతి మేఘాలు పడమటి కనుమల అవతల బరువు దించుకుని ఇటు తేలికై వస్తాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరంలో కురిసి, ఇక్కడికి చేరేసరికి నీరసిస్తాయి. అందుకే ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వాన ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ. అందులో 340 దాకా జూన్ నుంచి సెప్టెంబరు లోపల, మిగిలిన దాంట్లో ఎక్కువ భాగం అక్టోబరు, నవంబరుల్లో పడాలి. దేశంలో అతి తక్కువ వాన కురిసే జిల్లాల్లో మనది ఒకటని మీరు ఎన్నోసార్లు విని ఉంటారు.

అయినా మన పెద్దలు బతికారు. ఎలాగంటే, వాన తక్కువైనా దాని వరుస వాళ్లకు తెలుసు. కార్తెలు చూసి గొర్రు కట్టారు. మృగశిరలో దుక్కి, ఆర్ద్ర, పునర్వసుల్లో విత్తనం, మఖలో కలుపు, చిత్తలో కోత అని లెక్క పెట్టుకున్నారు. మృగశిర చినుకుకు ముసలెద్దు కూడా రంకె వేస్తుందన్న సామెత ఊరికే పుట్టలేదు. ఇవాళ కార్తె వస్తోంది, పోతోంది. వాన మాత్రం ఆ కార్తెతో కలిసి రావడం లేదు.

ఒకటే కొలత, రెండు పంటలు

ఒక లెక్క చూద్దాం. ఇది ఎక్కడో జరిగిన కథ కాదు, అర్థం కావడానికి వేసుకున్న లెక్క.

రెండు ఊళ్లు. రెండింటిలోనూ జులై 10న శనక్కాయ విత్తారు. రెండింటిలోనూ అక్టోబరు చివరికి సరిగ్గా 300 మిల్లీమీటర్ల వాన పడింది. ఒక మిల్లీమీటరు వాన అంటే ఎకరాకు సుమారు 4,000 లీటర్ల నీరు. కాబట్టి రెండు ఊళ్లలోనూ ఎకరాకు 12 లక్షల లీటర్లు పడ్డట్టే.

మొదటి ఊర్లో ఆ వాన పన్నెండు సార్లుగా, సారికి 25 మిల్లీమీటర్ల చొప్పున, తొమ్మిది రోజులకొకసారి పడింది. ఆ రైతు ఇంటికి కాయా వచ్చింది, పశువులకు కట్టే వచ్చింది.

రెండో ఊర్లో విత్తేటప్పుడు 40 మిల్లీమీటర్లు, పది రోజులకు ఇంకో 30 పడ్డాయి. తర్వాత 35 రోజులు చినుకు లేదు. అవి ఎలాంటి రోజులు? విత్తిన 25, 30 రోజులకు పూత మొదలవుతుంది. 40, 45 రోజులకు ఊడలు మట్టిలోకి దిగాలి. మట్టి గట్టిపడితే ఊడ దిగదు. దిగని ఊడకు కాయ లేదు. ఆగస్టు ఆఖరున రెండు రోజుల్లో 150 మిల్లీమీటర్లు కుమ్మరించింది. లోతు తక్కువ ఎర్రనేల తాగగలిగినంత తాగింది, మిగతాది పైమట్టిని కూడా తీసుకుని వంకలో కలిసింది. చివరి 80 మిల్లీమీటర్లు పంట పీకి సాళ్లలో ఆరబెట్టినప్పుడు పడ్డాయి. కాయ బూజు పట్టింది, కట్టె నల్లబడింది.

కచేరీ పుస్తకంలో రెండు ఊళ్లకూ ఒకటే అంకె, 300. మొదటి రైతు అప్పు తీర్చాడు. రెండో రైతు మళ్లీ అప్పు చేశాడు.

మన ఎర్రనేలలో తేమ నిలిచేది కొద్ది రోజులే. వారం పది రోజులు ఎండ కాస్తే మధ్యాహ్నానికి ఆకు ముడుచుకుంటుంది. అందుకే మన దగ్గర మధ్య రోజుల లెక్కకు అంత విలువ. నల్లరేగడి రైతు ఇరవై రోజులు ఓర్చుకోగలడు. ఎర్రనేల రైతు ఓర్చుకోలేడు.

గాలి వేడెక్కితే వాన ఎందుకు చెదురుతుంది?

బొగ్గు, పెట్రోలు, డీజిలు మండినప్పుడు బొగ్గుపులుసు వాయువు, అదే కార్బన్ డయాక్సైడ్, గాలిలో కలుస్తుంది. యంత్రాల కాలం మొదలుకాక ముందు పది లక్షల పాళ్ల గాలిలో ఇది 280 పాళ్లు ఉండేది. ఇప్పుడు 420 దాటింది. పగలు భూమి తాగిన ఎండ వేడి రాత్రి ఆకాశంలోకి తిరిగి పోవాలి. ఈ వాయువు దుప్పటిలా కప్పుకుని ఆ వేడిలో కొంత పోకుండా పట్టేస్తుంది. అడవులు నరకడం వల్ల, పశువుల నెమరువేత, నీరు నిలిచిన వరిమళ్ల నుంచి వచ్చే మీథేన్ వల్ల, యూరియా వంటి నత్రజని ఎరువుల నుంచి లేచే వాయువు వల్ల కూడా దుప్పటి మందమవుతోంది. కానీ అసలు బరువు బొగ్గుదీ చమురుదీ.

1850-1900 నాటితో పోలిస్తే 2011-2020 నాటికి భూమి సగటు వేడి 1.1 డిగ్రీలు పెరిగింది. ఇంతవరకు కొలతల్లో నమోదైన ఏళ్లలో 2024 అన్నిటికంటే వేడి సంవత్సరం. మన దేశం మట్టుకు 1901 నుంచి 2018 వరకు సుమారు 0.7 డిగ్రీ వేడెక్కిందని కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో తెచ్చిన నివేదిక చెప్పింది.

డిగ్రీకే ఏమవుతుందని అడగొచ్చు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను మోయగలదు. సంచి పెద్దదైందనుకోండి. నిండడానికి ఎక్కువ రోజులు పడుతుంది, కుమ్మరించినప్పుడు ఒక్కసారే ఎక్కువ పడుతుంది. పైగా ఆ వేడి గాలి సంచి నింపుకోవడానికి మీ చేలో తేమను కూడా లాగేస్తుంది. అంటే వాన లేని రోజులు పెరుగుతాయి, ఆ రోజుల్లో నేల త్వరగా ఎండుతుంది, పడిన రోజు కుండపోత అవుతుంది. 1950 నుంచి 2015 మధ్య మధ్య భారతంలో ఒకే రోజు 150 మిల్లీమీటర్లకు మించి కురిసిన సందర్భాలు 75 శాతం పెరిగాయని అదే నివేదిక లెక్క కట్టింది.

ఎల్‌నినో సంగతి వేరు. పసిఫిక్ మహాసముద్రం కొన్నేళ్లకొకసారి వేడెక్కి మన రుతుపవనాలను బలహీనపరచడం ఎప్పటినుంచో ఉన్నదే. 2002, 2009, 2015, 2023 అలాంటి ఏళ్లు. అయితే అసలే వేడెక్కిన భూమి మీద ఎల్‌నినో వచ్చిపడితే, జ్వరం ఉన్నవాడికి వడదెబ్బ తగిలినట్టే.

మన చేలల్లో కనిపించినది

ఈ పదేళ్లను ఒకసారి వెనక్కి తిరిగి చూడండి.

2016 ముంగారులో విత్తనానికి వాన బాగానే పడింది. పైరు పచ్చగా లేచింది. ఆగస్టులో సరిగ్గా ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసింది. ప్రభుత్వం రెయిన్‌గన్లు, ట్యాంకర్లు తెచ్చి తడులు ఇప్పించింది. దగ్గర్లో నీరున్న చేలు కొన్ని నిలబడ్డాయి. నీరే లేని చోట రెయిన్‌గన్ ఏం చేస్తుంది?

2020లో దానికి తలకిందులు. వాన అవసరానికి మించి పడింది. కోతకొచ్చిన కాయ భూమిలోనే మొలకెత్తిన చేలున్నాయి, పీకిన పంట కుళ్లిన చేలున్నాయి. 2021 నవంబరులో రాయలసీమ అంతటా కుండపోత. కడప జిల్లాలో చెయ్యేరు మీద అన్నమయ్య డ్యాం ఆ నెల 19న తెగి ఊళ్లకు ఊళ్లు నష్టపోయాయి. కరువు సీమలో వరద అంటే నవ్వేవాళ్లు ఒకప్పుడు. 2022 అక్టోబరులో అనంతపురం పట్నంలోనే వీధులు వంకలయ్యాయి.

2023 ఆగస్టు మళ్లీ ఎండగట్టింది. దేశం మొత్తం మీద ఆ నెల వాన సాధారణం కంటే 36 శాతం తగ్గింది. 1901 నుంచి ఉన్న లెక్కల్లో అంత ఎండిన ఆగస్టు లేదు. ఆ అక్టోబరు చివర రాష్ట్రంలో 103 మండలాలను కరువు మండలాలుగా ప్రకటిస్తే, వాటిలో ఎక్కువ రాయలసీమవే.

ఇలా ఒక ఏడాది ఎండి, ఒక ఏడాది మునిగి, సగటు తీస్తే అంతా సవ్యంగానే ఉన్నట్టు వస్తుంది. సగటు తిని ఎవరి కడుపూ నిండదు సోదరా!

ఒకే పంట మీద జూదం

తప్పంతా ఆకాశానిదే అనడానికీ లేదు. ఒకప్పుడు ఈ చేలల్లో కొర్ర, సజ్జ, జొన్న, ఆరిక, కంది, ఉలవ, ఆముదం కలిసి ఉండేవి. నూనెగింజలకు ధర వచ్చింది, సబ్సిడీ విత్తనం వచ్చింది, బ్యాంకు అప్పు వచ్చింది. ఉమ్మడి జిల్లాలో శనక్కాయ ఏడెనిమిది లక్షల హెక్టార్ల దాకా పాకింది. ఊరంతా ఒకే పంట, ఒకే వారంలో విత్తనం, ఒకే వారంలో పూత. ఆ పూత వేళ వాన తప్పితే ఊరంతా ఒకేసారి కూలింది. కలిసి వేసిన పంటల్లో ఒకటి పోయినా ఇంకొకటి గంజికి వచ్చేది. ఒకే పంటలో ఆ వెసులుబాటు లేదు.

ఇప్పుడు ఆ విస్తీర్ణంలో సగం కూడా శనక్కాయ లేదు. ఇది తెలివితో మారింది కొంత, విసిగి వదిలేసింది కొంత. బోరున్నవాళ్లు చీనీ, దానిమ్మ, అరటి వైపు వెళ్లారు. 2012లో హంద్రీ-నీవా నీళ్లు జీడిపల్లికి చేరాక కొన్ని ఊళ్ల రాత మారింది. బోరూ లేక, కాలువా లేక, రెండు మూడు ఎకరాల ఎర్రనేల మీద వానకు ముఖం చూసే రైతుకే ఈ వ్యాసం.

ప్రపంచం ఏం చేసింది, సర్కారు ఏం చేసింది?

1992లో రియోలో దేశాలు కూచుని వాతావరణం మీద ఒప్పందం రాసుకున్నాయి. 2015లో పారిస్‌లో భూమి వేడిని 2 డిగ్రీలకు బాగా లోపల, వీలైతే 1.5 డిగ్రీల దగ్గర ఆపాలని మాట ఇచ్చుకున్నాయి. ఆ మాట నిలబడేట్టు కనిపించడం లేదు. ఇందులో న్యాయం మాట ఒకటుంది. అమెరికాలో ఏడాదికి మనిషికి 14 టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వదులుతుంటే, మన దేశంలో 2 టన్నుల చుట్టూ. జత ఎడ్లతో రెండెకరాలు దున్నుకునే మీ వాటా అందులో ఎంత? దాదాపు ఏమీ లేదు. నష్టం మాత్రం ముందు మీ చేలోకే వచ్చింది. నష్టపోయిన దేశాలకు సాయంగా ఒక నిధి పెట్టాలని 2022లో ఈజిప్టులో ఒప్పుకున్నారు. ఆ డబ్బు ఎకరం రైతు దాకా రావాలంటే ఇంకా చాలా దూరం నడవాలి.

మన దేశం 2008లో వాతావరణ మార్పు మీద జాతీయ కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. అందులోని ఎనిమిది మిషన్లలో ఒకటి వ్యవసాయానికి. 2070 నాటికి వదిలే వాయువూ, పీల్చే వాయువూ సమానం చేస్తామని 2021లో ప్రకటించింది. ఆ దారిలో పడిన అడుగులు మన కళ్ల ముందే ఉన్నాయి. రామగిరి కొండల మీద గాలిమరలు 1990లలోనే లేచాయి. ఎన్‌పీ కుంటలో సౌర పలకలు పరుచుకున్నాయి. వర్షం ఇవ్వని ఎండ, గాలి కరెంటయినా ఇస్తున్నాయి.

పొలానికి దగ్గరగా వచ్చినవి కొన్ని. హైదరాబాదులోని మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, క్రీడా, నడిపే ‘నిక్రా’ పథకం 2011లో మొదలైంది. వాతావరణానికి తట్టుకునే పద్ధతులను ఎంచుకున్న ఊళ్లలో రైతుల చేలలోనే చేసి చూపడం దాని పని. వాన ఆలస్యమైతే ఏం వేయాలి, మధ్యలో ఆగితే ఏం చేయాలి అని దేశంలో 600కు పైగా జిల్లాలకు ప్రత్యామ్నాయ ప్రణాళికలు రాసిందీ ఆ సంస్థే. మన జిల్లా ప్రణాళిక వ్యవసాయ శాఖ దగ్గర ఉంటుంది. అడిగితే చెప్పాల్సిన బాధ్యత వాళ్లది. రాష్ట్రంలో 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం సాగుతోంది. అందులో ముంగారుకు ముందే రకరకాల విత్తనాలు కలిపి చల్లి, నేలను పచ్చగా కప్పి ఉంచే పద్ధతి మన మెట్టకు పనికొచ్చేది.

తప్పటడుగులూ ఉన్నాయి. ప్రతి జిల్లాకూ రైతుకు వాతావరణ సలహా చెప్పే కేంద్రం ఉండాలని 2018 నుంచి దాదాపు 200 జిల్లాల్లో పెట్టిన యూనిట్లను 2024లో మూసేశారు. వాన వరుస తప్పిన కాలంలో సలహా చెప్పే నోరు ఇంకా పెరగాలి గానీ తగ్గితే ఎలా?

కరువు రాయించుకోవాలంటే...

ఇది జాగ్రత్తగా చదవండి. డబ్బుతో ముడిపడిన సంగతి.

కరువు మండలాన్ని గుర్తించడానికి కేంద్రం 2016లో కొత్త నిబంధనల పుస్తకం తెచ్చింది. దాని ప్రకారం వాన మొత్తం తగ్గడం ఒక్కటే గీటురాయి కాదు. వరుసగా మూడు నాలుగు వారాలు సాధారణంలో సగం కూడా పడకపోతే, ఆ పొడి వారాలు కూడా లెక్కకు వస్తాయి. ఆ తర్వాత విత్తిన విస్తీర్ణం, ఉపగ్రహ చిత్రాల్లో పచ్చదనం, నేలలో తేమ, చెరువులు, భూగర్భ జలాలు చూస్తారు. చివరికి కొన్ని ఊళ్లు ఎంచుకుని చేలోకి వచ్చి నష్టం రాస్తారు. అలా వచ్చినప్పుడు ‘మా ఊర్లో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చినుకు లేదు’ అని తేదీలతో చెప్పగలిగితే, ఆ మాటకు బలం ఉంటుంది. ‘వానలు సరిగా లేవు సార్’ అంటే ఉండదు.

పంట 33 శాతం, అంతకు మించి పోతే విపత్తు నిధి కింద పెట్టుబడి రాయితీ ఇవ్వాలి. 2022-23 నుంచి 2025-26 వరకు కేంద్రం పెట్టిన రేటు వర్షాధార పంటకు హెక్టారుకు 8,500 రూపాయలు. ఎకరాకు 3,400 చిల్లర. అదీ రెండు హెక్టార్ల వరకే. విత్తనం ఖర్చుకే చాలదన్నది మీకు నేను చెప్పక్కర్లేదు. అందుకే బీమా సంగతి చూసుకోవాలి.

బీమా కాగితం చదవండి

2016లో వచ్చిన కేంద్ర బీమా పథకాల్లో ముంగారు తిండిగింజలకు, నూనెగింజలకు రైతు కట్టేది బీమా మొత్తంలో 2 శాతానికి మించదు. ఎకరాకు 30,000 బీమా అనుకుంటే మీ వాటా 600. రాష్ట్రంలో 2019 నుంచి కొన్నేళ్లు ఆ వాటా కూడా ప్రభుత్వమే భరించింది. 2024 రబీ నుంచి మళ్లీ రైతే కట్టుకోవాల్సి వచ్చింది. ఊరికే వస్తుందిలే అని కూచున్నవాళ్లు ఆ మార్పు తెలియక బయట మిగిలారు. బ్యాంకు అప్పున్నా సరే, 2020 ముంగారు నుంచి బీమా మీ ఇష్టం. వద్దనుకుంటే రాసివ్వాలి. కావాలనుకుంటే ప్రీమియం పట్టుకున్నారో లేదో బ్యాంకులో అడిగి రసీదు చూసుకోవాలి.

బీమా రెండు రకాలు. ఒకటి దిగుబడి బీమా. ఊరికో మండలానికో కోత ప్రయోగాలు చేసి, దిగుబడి గీతకంటే తగ్గితే ఇస్తారు. రెండోది వాతావరణ బీమా. దీనికి మీ చేను చూడరు. ఎంచుకున్న వాతావరణ కేంద్రంలో ఫలానా తేదీల మధ్య ఇంత వాన తగ్గితే, లేదా ఇన్ని రోజులు చుక్క లేకపోతే ఇంత అని ముందే రాసుకుంటారు. ఆ కేంద్రం దగ్గర ఒక జల్లు పడి మీ చేలో పడకపోతే మీకు రాకపోవచ్చు. మన శనక్కాయ రైతుల గొడవల్లో చాలావరకు ఇక్కడే. కాబట్టి కట్టేముందు నాలుగు ప్రశ్నలు అడగండి: నా మండలానికి ఈ పంటకు ఏ రకం బీమా? కొలత ఏ కేంద్రానిది? ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా? కట్టడానికి ఆఖరు రోజు ఏది?

దిగుబడి బీమాలో ఇంకో వెసులుబాటుంది. కోసి చేలో ఆరబెట్టిన పంట 14 రోజుల లోపల అకాల వానకు చెడితే పరిహారం అడగవచ్చు. కానీ 72 గంటల్లో తెలియజేయాలి. ఫోను నంబరు 14447.

ఏ పరిహారానికైనా ఈ-పంటలో మీ పేరు, మీ పంట, మీ విస్తీర్ణం నమోదై ఉండాలి. కౌలు రైతులు మరీ జాగ్రత్త. కౌలు కార్డు లేక, ఈ-పంట యజమాని పేరున నమోదైతే, నష్టం మీది, డబ్బు ఆయనది.

మన చేతిలో ఉన్నవి

ఆకాశాన్ని మనం మార్చలేం. మధ్య రోజులను కొంత దాటగలం. పెద్ద ఖర్చు లేనివి ముందు చెబుతాను.

గొడ్డుసాళ్లు: శనక్కాయ విత్తాక ప్రతి 3.6 మీటర్లకు ఒక గొడ్డుసాలు వాలుకు అడ్డంగా తీయండి. కుండపోత నీరు ఆ సాలులో ఆగి ఇంకుతుంది. నాలుగు రోజుల తేమ అదనంగా దొరికినా ఊడ దిగే వేళ ఎంతో మేలు.

జత పంట: ఏడు సాళ్ల శనక్కాయకు ఒక సాలు కంది పెట్టండి. పదకొండుకొకటి, పదిహేనుకొకటి పెట్టేవాళ్లూ ఉన్నారు. కంది వేరు లోతుకు పోతుంది. ఆగస్టు ఎండినా అక్టోబరు వానను అందుకుంటుంది. గట్ల మీద జొన్నో సజ్జో నాలుగు వరసలు వేస్తే పురుగుల ఉధృతి తగ్గుతుంది, మేతా వస్తుంది.

తొందర వద్దు, మొండితనం వద్దు: నేల కనీసం 20, 25 మిల్లీమీటర్ల పదును కాకుండా విత్తనం వేయకండి. పై తడికి మొలిచి ఎండిన విత్తనం బస్తా తిరిగి రాదు. అలాగే జులై దాటిపోయాక కూడా శనక్కాయే వేస్తానని పట్టుబట్టకండి. ఆగస్టులో కొర్ర, సజ్జ, అలసంద, కంది, ఆముదం చూడండి. ఇంకా ఆలస్యమైతే ఉలవ ఉంది. ఉలవ ఇచ్చేది కొంచెమే అయినా నమ్మకంగా ఇస్తుంది. ఒకే రోజు, ఒకే రకం, పొలమంతా వేయకుండా రెండు విడతలుగా, రెండు రకాలుగా వేసుకోవడం కూడా ఒక బీమానే.

సేద్యపు కుంట: అనంతపురం పక్కన రేకులకుంట పరిశోధన కేంద్రం ఏళ్ల తరబడి చెబుతున్నది ఇదే. పైన పది మీటర్లు పొడవు, పది మీటర్లు వెడల్పు, రెండున్నర మీటర్ల లోతు, గోడలు వాలుగా తవ్విన కుంటలో సుమారు లక్షన్నర లీటర్లు పడతాయి. ఎర్రనేలలో నీరు నిలవదు కాబట్టి ఆరు పాళ్ల మట్టికి ఒక పాలు సిమెంటు కలిపి లోపల పూత వేయాలి. ఎకరానికి 10 మిల్లీమీటర్ల తడి ఇవ్వాలంటే 40,000 లీటర్లు కావాలి. ఎండకు ఆవిరైనది పోగా, ఒక ఎకరానికి రెండు రక్షక తడులు వస్తాయి. ఊడలు దిగేటప్పుడు ఒకటి, కాయ ఊరేటప్పుడు ఒకటి. ఆయిల్ ఇంజను, స్ప్రింక్లర్లు నలుగురు కలిసి తెచ్చుకుంటే భారం తగ్గుతుంది. గతంలో ఉపాధి పనుల్లో తవ్విన కుంటలు చాలా ఊళ్లలో పూడిపోయి, పూత లేక ఖాళీగా ఉన్నాయి. కొత్తది అడిగే ముందు పాతదాన్ని బాగుచేసుకోవడం తేలిక.

విత్తనం: కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన రకాలు ఏది మీ నేలకు సరిపోతుందో చూసి, మంచి పంటలోంచి కాయ ఎంచి మీరే దాచుకోండి. ఏ రకమైనా 35 రోజుల ఎండను పూర్తిగా తట్టుకోదు. తట్టుకుంటుందని చెప్పి అమ్మేవాళ్ల మాట నమ్మకండి.

సలహా: భారత వాతావరణ శాఖ వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో రైతులకు సలహా పత్రం ఇస్తుంది. మేఘదూత్ అనే యాప్‌లో తెలుగులోనే చూసుకోవచ్చు. ఇంట్లో చదువుకున్న పిల్లల చేత చదివించుకోండి. రాబోయే ఐదు రోజుల్లో వాన ఉందంటే ఆ వారం పంట పీకకండి, మందు కొట్టకండి. అనుమానం వస్తే కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551.

ఒక డబ్బా, ఒక నోటుబుక్కు

చివరగా పైసా ఖర్చు లేని పని ఒకటి. అడుగు నుంచి మూతి దాకా ఒకే వెడల్పున్న డబ్బా ఒకటి తీసుకోండి. చెట్టుకూ గోడకూ దూరంగా, చేను గట్టు మీద కదలకుండా పాతండి. వాన పడిన మర్నాడు పొద్దున 8.30కు అందులో నీరు ఎంత లోతుందో పిల్లల స్కేలుతో కొలవండి. పది మిల్లీమీటర్ల లోతుంటే మీ చేలో పది మిల్లీమీటర్ల వాన పడ్డట్టు. నోటుబుక్కులో తేదీ, కొలత రాయండి. వాన లేని రోజు సున్నా రాయండి. ఆ సున్నాలే అసలు సంగతి. నీరు పారబోసి డబ్బా మళ్లీ పెట్టండి.

ఈ పుస్తకం చూసి బీమా కంపెనీ డబ్బు ఇవ్వదు, వాళ్లకు వాళ్ల కేంద్రం లెక్కే లెక్క. కానీ ఊర్లో పదిమంది ఇలా రాసి, పది చోట్ల 30 సున్నాలు వరసగా ఉంటే, మండల కేంద్రంలో మాత్రం వాన చూపిస్తే, కొలత కేంద్రం ఊరికి దగ్గరగా కావాలని గ్రామసభలో అడగడానికి మీ చేతిలో కాగితం ఉంటుంది. ఇంతకాలం మన దగ్గర గోడు ఉంది గానీ కాగితం లేదు.

అంతకంటే పెద్ద లాభం మీకే. మూడేళ్లు రాస్తే మీ చేలో వాన ఎప్పుడు ఆగుతోందో మీకే తెలుస్తుంది. ఆ ఎండ రోజులు పూత మీద పడకుండా ఎప్పుడు విత్తాలో, ఎంత భాగం కందికి వదలాలో, కుంట నీరు ఏ వారానికి దాచాలో మీరే నిర్ణయించుకోగలరు. కార్తెలు మన పెద్దలు అలా చూసి చూసి రాసుకున్నవే. వాన వరుస మార్చింది కాబట్టి, ఆ పుస్తకం మనం మళ్లీ రాసుకోవాలి. వచ్చే మృగశిరకు ముందే డబ్బా పాతండి.